కలం చప్పుడు

అక్కా, నా బంగారు అక్కా,

కాగితం మీద వేళ్ళు పెట్టగానే నీకు తెలిసిపోయి ఉంటుంది, నేను మంచి కోపం మీద ఉన్నానని. బ్రెయిలీ పలకలో కాగితం బిగించి సూదితో పొడవడం నువ్వే కదా నేర్పావు, "మెల్లిగా పొడవ్వే, కాగితం నీకేం అపకారం చేసింది" అని మొట్టికాయలు వేస్తూ. ఇవాళ మెల్లిగా నా వల్ల కాదు. నాలుగైదు చోట్ల చిరిగే ఉంటుంది, సర్దుకుని చదువుకో. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే రెండు మాటల్లో నన్ను నవ్వించి కోపమంతా దించేస్తావు. ఈసారి దించుకోదల్చుకోలేదు.

మా తూకం మిషన్ల కంపెనీలో ఎండీగారి బుర్రలో కొత్త పురుగు దూరింది. ఇకనుంచి ప్రతి ఉద్యోగీ ఏడాదికి ఒక రోజు ఎక్కడో ఒకచోట సేవ చెయ్యాలట. ఆ 'ఎక్కడో' ఎక్కడో తేల్చే పని నా నెత్తిన పెట్టారు. హెచ్చార్ మేడం ఒక ఫైలు కూడా ఇచ్చింది. అందులో మూడే మూడు సేవలు. మొక్కలు నాటడం, బడిగోడకి రంగులు వెయ్యడం, పిల్లలకి సంచులు పంచడం. "ఏదో ఒకటి టిక్కు పెట్టి పంపించెయ్, టీషర్టులకి ఆర్డరు ఇవ్వాలి" అంది. నీ చెల్లెలి సంగతి నీకు తెలుసు కదా. టిక్కు పెట్టకుండా సంచీ తగిలించుకుని ఆ బడికి వెళ్ళాను.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, నీరసంగా అడిగింది, "మీరు ఏ రంగు వేస్తారమ్మా?" అని. మీకే రంగు కావాలని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ గోడ ఈ ఏడాదే పచ్చగా అయింది, నీలంగా అయింది, ఇప్పుడు పసుపు. ప్రతి కంపెనీ వచ్చే ముందు మా ఆయాలు రెండు రోజులు కూర్చుని పాత రంగు గీకుతారు. మీకు వెయ్యడానికి గోడ ఉండాలిగా! మాకైతే కుళాయి కారుతోంది. ఒక్క మనిషిని పంపగలరా?" మా ఫైల్లో కుళాయికి గడి లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అక్కణ్ణుంచి తిన్నగా చూపులేని విద్యార్థుల హాస్టల్‌కి వెళ్ళాను. అది ఫైల్లో లేదు, నా సొంత పెత్తనం. అక్కడ వార్డెనమ్మ నన్ను చూడగానే, "బిస్కెట్లు అయితే మాత్రం వద్దమ్మా, గది నిండిపోయింది" అంది. మరేం కావాలంటే, గోడకి అంటించిన కాగితం చూపించింది. పదహారు మంది పిల్లలకి వచ్చే నెల డిగ్రీ పరీక్షలు. వాళ్ళు చెబుతుంటే రాసిపెట్టే స్క్రైబులు పదకొండు మందే దొరికారు. మిగిలిన అయిదుగురి పేర్ల పక్కన ఖాళీ. ఆ ఖాళీ చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

మర్నాడు మేడం దగ్గరికి వెళ్ళి ఇదే మన సేవ అన్నాను. ఆవిడ ప్రశ్నలు విను. "ఫోటోలు?" పరీక్ష హాల్లో తీయనివ్వరు. "టీషర్టులు?" ఎవరు చూస్తారు మేడం, ఎదుటివాళ్ళకి చూపే లేకపోతే? "అందరూ కలిసి బస్సులో?" ఒక్కొక్కరు ఒక్కో రోజు, ఒక్కో సెంటరుకి, పొద్దున్నే తొమ్మిదింటికల్లా. మూడు గంటలు కుర్చీలోంచి లేవకూడదు. ఆవిడ మొహం మాడ్చుకుని, "ఇందులో మనవాళ్ళకి సంతోషం ఏముంటుంది?" అంది. నేను ఒంటికాలి మీద లేచాను. "సంతోషం కావాలంటే సినిమాకి పంపండి, సేవకి ఎందుకు?" అనేశాను. ఆవిడ శుక్రవారం మీటింగులో ఎండీగారి ముందే తేల్చుకుందాం అంది.

అక్కా, నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఒకటుంది. నాకు పన్నెండేళ్ళప్పుడు, నీ డిగ్రీ ఆఖరి పరీక్ష రోజున, నీ చెయ్యి పట్టుకుని సెంటరు దాకా తీసుకొచ్చింది నేనే. ఏదో కంపెనీ పంపే రాసే మనిషి లోపల కలుస్తాడని చెప్పి నువ్వు లోపలికి వెళ్ళావు. నేను గేటు బయట సైకిల్ షెడ్డు నీడలో కూర్చున్నాను. పన్నెండున్నరకి రావాల్సిన దానివి పదకొండుకే వచ్చేశావు. "రాసేవాడు రాలేదే, పద" అన్నావు, అంతే. ఇంట్లో అమ్మ, "ఏ మొక్కలు నాటడానికి పోయాడో ఆ కంపెనీవాడు" అని తిట్టింది. తర్వాత నువ్వు మళ్ళీ పరీక్షకి కట్టలేదు, ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరిపోయావు. పద్ధెనిమిదేళ్ళ నుంచీ, ఎక్కడ మొక్కలు నాటే గుంపుని చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. నీ ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు, ఆ సైకిల్ షెడ్డుని తలుచుకుని మాత్రం చాలాసార్లు ఏడ్చాను.

అందుకే చెబుతున్నాను. ఆ అయిదు ఖాళీలు నిండాలి, లేదంటే నేను ఈ ఉద్యోగంలో ఉండను. రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. ఇంట్లో మీ మరిదికి కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నాను. వద్దని మాత్రం రాయకు.

నీ పిడుగు

*

అక్కా, నా బుజ్జి అక్కా,

గెలిచాం! నీ జవాబు కోసం ఆగలేకపోయాను.

మీటింగులో మేడం మొక్కల బొమ్మలు తెర మీద చూపిస్తుంటే ఎండీగారు తలాడిస్తూ ఉన్నారు. నా వంతు వచ్చింది. నా దగ్గర బొమ్మలేమీ లేవు. హాస్టల్ గోడ మీది కాగితం చేత్తో ఎక్కించుకొచ్చాను, అదే బల్ల మీద పెట్టాను. "మొక్కలు మనం వెళ్ళకపోయినా మొలుస్తాయి సార్. ఈ అయిదుగురూ మనం వెళ్ళకపోతే గేటు దగ్గరనుంచే వెనక్కి వస్తారు" అన్నాను. "ఇది మన కంపెనీకి పేరు తెచ్చేది కాదేమో అమ్మాయ్" అన్నారాయన. "పేరు కోసమే అయితే దానికి సేవ అని పేరెందుకు సార్?" అన్నాను.  

ఆయన ఆ కాగితం దగ్గరికి లాక్కుని, "సరే, క్యాంటీన్లో అందరినీ అడుగు. ఇరవై మంది చేతులెత్తితే అలాగే చేద్దాం" అన్నారు. మధ్యాహ్నం క్యాంటీన్లో కుర్చీ ఎక్కి నిలబడ్డాను. మొదట ఎవరూ ప్లేట్లలోంచి తలెత్తలేదు. అప్పుడు నీ కథ చెప్పాను అక్కా. సైకిల్ షెడ్డు, పదకొండు గంటలు, రాని మనిషి, అన్నీ. చెబుతుంటే ప్యాకింగ్ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నలభై చేతులు లేచాయి! తూకాలు తనిఖీ చేసే ముల్లు బాబాయి కూడా ఎత్తాడు. మిషన్ మీద ముల్లు ఎక్కడ ఆగితే అక్కడే రాస్తాడు, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కానివ్వడు, అందుకే ఆ పేరు. అలాంటి మొండిఘటం చెయ్యెత్తాడంటే చూడు మరి. హెచ్చార్ మేడం కూడా ఎత్తింది, కళ్ళు ఎర్రగా చేసుకుని.

ఎండీగారైతే నన్ను పక్కకి పిలిచి, ఈ కార్యక్రమం నీ చేతుల మీదుగా మొదలెట్టాలని ఉంది అన్నారు. నిన్ను వేదిక మీద కూర్చోబెట్టి, ఆ రోజు జరిగింది నీ నోటితోనే చెప్పిస్తారట. కారు పంపిస్తారు. నువ్వు రావాలి, వచ్చి తీరాలి. పద్ధెనిమిదేళ్ళకి మన రోజు వచ్చింది అక్కా.

సంతోషంతో చేతులు ఆగని
నీ పిడుగు

*

ఒసేయ్ పిడుగా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మొదటిదాని నిండా చిల్లులు, రెండోదాంట్లో చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చదవడానికి నా మధ్యాహ్నం డ్యూటీ విరామమంతా పట్టింది. చదివాక స్విచ్‌బోర్డు దగ్గర ముగ్గురికి తప్పు వార్డు కలిపాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు.

ముందు ఒకటి అడుగుతాను. రాసేవాడు రాకపోతే నేను తొమ్మిదిన్నరకే బయటికి రావాలి కదే? పదకొండు దాకా లోపల ఏం చేశానని నువ్వు ఎప్పుడైనా అడిగావా? అమ్మ అడిగిందా? లేదు. చూపులేని దానికి అన్యాయం జరిగిందంటే చాలు, ఇక ఎవరూ లెక్క సరిచూడరు.

అతను వచ్చాడు. చెప్పిన టైముకి పదినిమిషాలు ముందే వచ్చాడు. మంచి మనిషి. నాకు కుర్చీ లాగి వేశాడు, నీళ్ళ సీసా ఎక్కడుందో నా వేళ్ళకి తాకించాడు. చరిత్ర పేపరు. ఒక రాజు ప్రజల కోసం దారులు వేయించాడు, ఆయన గొప్పతనం వివరించండి అని ప్రశ్న. నేను చెప్పాను: "రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు, రాజు పేరు ఉంది. కాబట్టి దారి ఎవరు వేశారో మనకి తెలియదు, పేరు ఎవరు రాయించుకున్నారో మాత్రం తెలుసు." అంతే చెప్పి ఆగాను. కలం ఆగలేదే. నాది రెండు వాక్యాలు, అది ఏడెనిమిది వాక్యాల దాకా హాయిగా, జోరుగా గీసుకుంటూ పోతోంది. చూపున్నవాళ్ళు కాగితం చూస్తారు. నాకు కలం చప్పుడే కాగితం.

"ఏం రాస్తున్నారండీ?" అని అడిగాను. "మీరు చెప్పిందే, కాస్త బాగా ఉండేలా" అన్నాడు. చదవమన్నాను. "చూడమ్మా, ఇలా రాస్తే మార్కులు రావు. నీ మంచికే కదా, ఆ రాజు గొప్పవాడనే రాశాను" అన్నాడు. కొట్టెయ్యమన్నాను. "పాపం, నీకు తెలియదులే" అన్నాడు, ఎంత ప్రేమగానో! తర్వాతి ప్రశ్నకీ అదే. నేను చెప్పడం ఆపేస్తే కూడా కలం నడుస్తోంది. అప్పుడు లేచి నిలబడ్డాను. హాల్లో తిరిగే మాస్టారు వచ్చి, "ఆయన నీకు సాయం చేస్తుంటే గొడవేంటమ్మా" అన్నారు. "ఈ పేపర్లో నంబరు తప్ప నాదంటూ ఏమీ లేదు మాస్టారూ, నాది కానిదానికి మార్కులు నాకెందుకు?" అని చెప్పి బయటికి వచ్చేశాను. చేతికర్ర తట్టుకుంటూ, తల ఎత్తుకునే వచ్చాను. నువ్వే అది గమనించలేదు.

మరి అబద్ధం ఎందుకు చెప్పానంటావా? రెండు జవాబుల కోసం పరీక్ష వదిలేసి వచ్చానంటే అమ్మ గుండె పగిలేది. రాసేవాళ్ళని కుదిర్చే హాస్టల్లో నిజం చెప్పాను, దాని ఫలితం కూడా చూశాను. "దొరికినవాళ్ళని తరిమేసే పొగరుబోతుకి ఎవరు రాస్తారు?" అన్నారు. మళ్ళీ ఎవరూ రాలేదు. అందుకు నేను ఏడవలేదు. ఉద్యోగం చూసుకున్నాను. నా గొంతు విని ఆస్పత్రిలో సగం మంది రోగులు ధైర్యం తెచ్చుకుంటారు, అది నా బతుకు. దాన్ని నువ్వు క్యాంటీన్లో కుర్చీ ఎక్కి ఏడుపు కథ చేశావు. నన్ను అడగకుండా. చాలా కోపం వచ్చింది పిడుగా. ఇప్పటికీ ఉంది.

అయినా ఆ అయిదు ఖాళీలు నిండాల్సిందే. నీ పట్టుదల తప్పు కాదు, నీకు తెలిసిన కథ తప్పు. రాకపోవడం ఒక్కటే దెబ్బ అనుకుంటున్నావు. వచ్చి మన చేతిలోంచి మన మాట లాక్కోవడం ఇంకో దెబ్బ. అది తగిలినట్టు చుట్టుపక్కల ఎవరికీ తెలియదు కూడా. నలభై చేతులు లేచాయి కదా అని నలభై మందినీ పంపకు. నేను వేదిక ఎక్కను, కారు పంపొద్దని మీ ఎండీకి చెప్పు. దానికి బదులు నా ఫోన్లో ఒక రికార్డింగ్ చేసి పంపుతున్నాను, పది నిమిషాలది. చేతులెత్తిన అందరినీ కూర్చోబెట్టి వినిపించు. విన్నది విన్నట్టు రాయాలి, అంతే. ఒక్క ముక్క దిద్దినా ఫెయిల్. ఎండీ అయినా సరే. ఎందుకో మాత్రం పరీక్ష అయ్యాకే చెప్పు. క్యాంటీన్లో చెప్పిన కథని కూడా అదే క్యాంటీన్లో సరిచెయ్యి.

రాజీనామా చించకు, సొరుగులోనే ఉండనీ. ఈ పని చేశాక అవసరం పడొచ్చు.

నీ అక్క

*

అక్కా,

నిన్ను ఏమని పిలిచి మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. వట్టి అక్కా అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మీ మరిది జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూశారు. మొదట నీ మీద కోపం వచ్చింది, దాచినందుకు. తర్వాత నా మీద. పదకొండు గంటలు అని పద్ధెనిమిదేళ్ళుగా నేనే చెప్పుకుంటూ, ఆ తొమ్మిదిన్నరకీ పదకొండుకీ మధ్య ఏముందో ఒక్కసారీ చూడలేదు.

మూడో రోజు నలభై మందినీ క్యాంటీన్లో కూర్చోబెట్టాను. ఎండీగారూ వచ్చారు, చొక్కా చేతులు మడుచుకుని, మొదటి బల్ల దగ్గరే. నీ గొంతు పెట్టాను. "సూర్యుడు పడమట ఉదయిస్తాడు" అన్నప్పుడు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "తూకం మిషన్లు చేసేవాళ్ళందరూ దొంగలు" అన్నప్పుడు ఎవరికో పొలమారింది. ఒకే వాక్యం రెండుసార్లు చెప్పావు చూడు, అక్కడ చాలా కలాలు ఆగాయి. నాకు ఆ నిశ్శబ్దం వినిపించింది అక్కా. మొదటిసారి నేనూ నీలా విన్నాను.

ఫలితాలు చెబుతాను. ముప్ఫై మంది సూర్యుణ్ణి తూర్పుకి తెచ్చేశారు. హెచ్చార్ మేడం దొంగల వాక్యం అసలు రాయనే లేదు, పైగా చివర 'ధన్యవాదాలు' అని చేర్చింది. ఎండీగారు 'తూకం మిషన్లు చేసేవాళ్ళలో కొందరు' అని రాశారు. పాసయినవాళ్ళు తొమ్మిది మంది. ముల్లు బాబాయి కాగితం చూసి నేను నోరు తెరిచాను. రెండుసార్లు చెప్పింది రెండుసార్లే ఉంది. మధ్యలో 'ఇక్కడ ఆవిడ దగ్గారు' అని కూడా ఉంది. తప్పని తెలిసీ ఎలా రాశావు బాబాయ్ అంటే, "ముల్లు ఎక్కడుంటే అక్కడే రాస్తామమ్మా. మిషన్ తప్పు చూపిస్తే అది మిషన్ తప్పు. నేను మార్చి రాస్తే నా తప్పు" అన్నాడు. నువ్వు ఉండి ఉంటే ఆయన చెయ్యి పట్టుకునేదానివి.

అప్పుడు కుర్చీ ఎక్కకుండా, కింద నిలబడే చెప్పాను. మొన్న నేను చెప్పిన కథ తప్పని, ఆ రోజు మనిషి వచ్చాడని, మా అక్కే లేచి వచ్చిందని, ఎందుకో కూడా. ఈసారి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు, చాలామంది తలలు దించుకుని తమ కాగితాలు చూసుకున్నారు. "మొదటి జాబితాలో మీ పేరు ఉండదు సార్" అని అందరి ముందే ఎండీగారికి చెప్పాను. సొరుగులో కాగితం ఉందన్న ధైర్యం, నిజం చెప్పాలంటే. ఆయన మొహం ఎర్రబడింది. కాసేపు కలం మూత పెట్టి తీసి, "ఈ పరీక్ష మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. ముప్ఫై మందికి పైగా వచ్చే వారం మళ్ళీ రాస్తామన్నారు. అన్నట్టు, మా ఫిట్టరు ఒకతను రాతపని నా వల్ల కాదని చెప్పి ఆ బడికి వెళ్ళి కుళాయి బాగుచేసి వచ్చాడు. అదీ సేవ కింద రాశాను. మేడమే ఫైల్లో దానికో గడి గీసింది.

ఇక అసలు సంగతి. అందరూ వెళ్ళాక తలుపు వేసుకుని నేనూ రాశాను. ఒక్క తప్పూ లేదనుకున్నాను. రెండోసారి విని పోల్చి చూస్తే, నువ్వు "నాకు సాయం కావాలి, నా మాట మారకుండా" అన్నావు. నేను "నాకు సాయం అక్కర్లేదు, నా మాట మారకుండా ఉంటే చాలు" అని రాశాను. ఎప్పుడు మార్చానో నాకే తెలియదు. నీకు ఎవరి సాయమూ అక్కర్లేదని నేనే నిర్ణయించేశాను, ఆ కలంవాడిలాగే, ప్రేమగానే. నేనూ ఫెయిలయ్యాను అక్కా. నన్ను క్షమించు.

నీ పిడుగు

*

నా పిడుగు తల్లికి,

నువ్వు ఫెయిలవుతావని నాకు ముందే తెలుసు. ఆ వాక్యం నీ కోసమే పెట్టాను. క్షమాపణ అందింది, ఇక ఆ మాట ఎత్తకు. ముప్ఫై మంది మళ్ళీ రాస్తామన్నారంటే మీ కంపెనీ బాగుపడేలాగే ఉంది. మీ ఎండీకి నా నమస్కారాలు చెప్పు, 'కొందరు' అన్నందుకు నవ్వుకున్నానని కూడా చెప్పు.

రేపు హాస్టల్‌కి వెళ్ళినప్పుడు గోడ మీది కాగితం మళ్ళీ చూడు. పదహారు పేర్ల కింద పదిహేడోది ఉంటుంది. నాదే. నీ మొదటి రెండు ఉత్తరాలూ అందిన వారమే వార్డెనమ్మకి ఫోన్ చేశాను. ఫీజు కట్టేశాను. ఆస్పత్రిలో సెలవు అడిగితే, ఈ వయసులో ఎందుకమ్మా అన్నారు. ఆ పేపర్లో నా జవాబు ఇంకా రాయలేదు కాబట్టి అన్నాను. చరిత్ర పేపరే. ఆ ప్రశ్న మళ్ళీ వస్తే మళ్ళీ అదే చెబుతాను, మార్కులు వచ్చినా రాకపోయినా.

నాకు రాసే మనిషి మీ ముల్లు బాబాయి. వేరే ఎవరినీ ఒప్పుకోను. నేను రాస్తానక్కా, ఇంకోసారి టెస్టు పెట్టు అంటావేమో. వద్దే. నువ్వు నన్ను ప్రేమిస్తావు, దిద్దకుండా ఉండలేవు. నీకు వేరే పని ఉంది. మళ్ళీ నా చెయ్యి పట్టుకుని ఆ గేటు దాకా తీసుకురా, ఆ సైకిల్ షెడ్డు ఇంకా ఉంటే అక్కడే కూర్చో. పదకొండింటికి గేటు వైపు చూడకు, ఎవరూ రారు. పన్నెండున్నరకి గంట కొట్టాక చూడు.

నీ అక్క